‘ఏకగ్రీవం’ అని రాయని కలం

పందొమ్మిది వందల ఎనభై ఆరవ సంవత్సరం జులై ఏడవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు పది నిమిషాల ముందే, ఇరవయ్యేడేళ్ల యువతి ఒకరు మా కళాశాల తత్వశాస్త్ర శాఖలో అధ్యాపకురాలిగా చేరడానికి కార్యాలయం మెట్లెక్కారు. చేరిక పత్రంలో ‘ఈ ఉద్యోగమును నా పూర్ణ సమ్మతితో స్వీకరించుచున్నాను’ అని ముందే అచ్చయి ఉన్న వాక్యం దగ్గర ఆగి, ‘నా సమ్మతి ఇంకా ఎవరూ అడగలేదు కదండీ’ అన్నారట. అప్పటి హెడ్ గుమాస్తా గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, తమ సర్వీసులో తొలిసారిగా, ఆ ప్రశ్న నోటితో అడిగారట. ఆవిడ అవునని చెప్పిన తరువాతే సంతకం చేశారు.

ముప్పై మూడేళ్ల అనంతరం, ఈ నెలాఖరున, ఆ సహాధ్యాపకురాలు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికలో వారి ఉద్యోగ జీవితాన్ని వివరించే బాధ్యత చరిత్ర శాఖలో పనిచేసే నాకు అప్పగించారు. నాకంటే చక్కగా రాయగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఈ వ్యాసంలో ఒకచోట నేను తలదించుకోవలసి ఉంది, ఆ పని నా తరఫున ఇంకొకరు చేయలేరు.

మేడ మీద వరండా చివరనున్న పద్నాలుగో నంబరు గదే తత్వశాస్త్ర శాఖ. దాని తలుపుకు గడియ పడదు. బాగుచేయిస్తామంటే, ‘తత్వశాస్త్రానికి గడియెందుకండీ’ అని వద్దన్నారు. అప్పట్లో ఆ శాఖలో ముగ్గురు అధ్యాపకులు, నలభైకి పైగా విద్యార్థులు. ఏ జవాబు చెప్పినా ‘ఎందుకు?’ అని అడుగుతారు కాబట్టి, పిల్లలు వారికి ‘ఎందుకు మేడమ్’ అని పేరు పెట్టారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పినవాడికి సున్నా వేసి, ‘ఇక్కడిదాకా ఆలోచించాను, ఆపైన తెలియలేదు’ అని రాసినవాడికి సగం మార్కులు వేసిన అధ్యాపకులను నేను మరొకరిని ఎరుగను. కాలక్రమంలో ఒక సహచరులు పదవీ విరమణ చేశారు, మరొకరు కాలం చేశారు, ఆ ఖాళీలను ఎవరితోనూ నింపలేదు. శాఖ అంటే ఆవిడ, ఆవిడ అంటే శాఖ అన్నట్టు మిగిలారు.

పందొమ్మిది వందల తొంభై ఐదులో వారిని విద్యామండలి కార్యదర్శిగా నియమించారు. ఏ పాఠం ఉండాలో, ఏ శాఖ నిలవాలో నిర్ణయించేది ఆ మండలి. కార్యదర్శికి అందులో ఓటు లేదు. సమావేశంలో జరిగింది జరిగినట్టు మినిట్స్ పుస్తకంలో రాయడమే పని. అంతకు ముందు ప్రతి తీర్మానం కిందా ‘సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించిరి’ అని రాసేయడం ఆనవాయితీ; ఒకరిద్దరు సభ్యులు కునుకు తీస్తూ ఆమోదించిన రోజులూ ఉన్నాయి. ప్రతి ఒక్కరూ నోరు విప్పి అవునంటే తప్ప తాను ఆ మాట రాయనని మొదటి సమావేశంలోనే చెప్పేశారు. ఇరవై నాలుగేళ్లలో ఆ మాట వారి కలం నుంచి రెండేసార్లు వచ్చింది: గ్రంథపాలకుల సంతాప తీర్మానానికి ఒకసారి, మంచినీటి కుళాయి బాగుచేయించడానికి ఒకసారి. వారి శ్రీవారు పళ్ల డాక్టరు. ‘మా ఇద్దరి వృత్తీ నోళ్లు తెరిపించడమేనండీ. ఆయనకు మత్తుమందు సదుపాయం ఉంది, నాకు లేదు’ అని ఆవిడ నవ్వేవారు.

రెండు వేల మూడులో అక్రిడిటేషన్ వ్యవహారం మా గుమ్మం తొక్కింది. కళాశాల తన మంచిచెడ్డలను తానే రాసుకుని నివేదిక సమర్పించాలి. బయటినుంచి తనిఖీ బృందం వచ్చి, సరిచూసి, గ్రేడు ఇస్తుంది. ఆ నివేదికకు సమన్వయకర్తగా కూడా వారినే వేశారు. ‘బలహీనతలు’ అనే గడిలో ఒక శాఖవారు ‘అతిగా శ్రమించుట’ అని రాశారు. నేను ‘స్థలాభావం’ అని రాసి పంపాను. మర్నాడు కాగితం తిరిగొచ్చింది, కింద ఆవిడ చేతిరాతతో. ‘స్థలం చాలకపోవడం భవనం బలహీనత మాస్టారూ. మీది రాయండి.’ రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను. మూడో రోజున, పదమూడేళ్లుగా ఒకే నోట్సు చెప్పి రాయిస్తున్నానని రాసిచ్చాను. ఆ ఏడు వేసవి సెలవుల్లో నోట్సు మార్చక తప్పలేదు.

తనిఖీకి ముందు మేమంతా కలిసి కళాశాల ‘దార్శనికత’ వాక్యాన్ని విద్యార్థుల చేత కంఠతా పట్టించాం. వరండాలో ఎదురైన ఒక పిల్లను మేడమ్ గారు అడిగితే, ఆ అమ్మాయి తడుముకోకుండా గడగడా చెప్పేసింది. అర్థమేమిటమ్మా అంటే, ‘అర్థం అడగరన్నారు మేడమ్’ అంది. ఆవిడ మెట్ల మీద చతికిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ సాయంత్రమే నివేదికలో ‘విద్యార్థులకు వాక్యం వచ్చును, అర్థం ఇంకా రావలసియున్నది’ అని చేర్చారు. అచ్చులో ఆ వాక్యం ఎగిరిపోయింది. చిత్తుప్రతి నా బల్ల సొరుగులో ఉంది.

ఇక నేను తలదించుకోవలసిన చోటికి వస్తాను. పదిహేనుమందికి తక్కువ విద్యార్థులున్న శాఖలు గ్రేడును కిందికి లాగుతున్నాయని రెండో తనిఖీ నివేదిక చెప్పింది. రెండు వేల పదమూడు మార్చిలో, తత్వశాస్త్ర శాఖలో కొత్త ప్రవేశాలు ఆపివేయాలనీ, ఉన్నవారి చదువు పూర్తయ్యాక శాఖ కాగితం మీద మాత్రమే ఉండి, మేడమ్ గారి పదవీ విరమణతో రద్దు కావాలనీ విద్యామండలి ముందుకు ప్రతిపాదన వచ్చింది. ఆ ఉదయం మెట్ల దగ్గర వారిని ఆపి, ‘మీరేం దిగులుపడకండి మేడమ్, నేను లేచి కాదంటాను’ అని మాటిచ్చాను. వారు నన్నేమీ అడగలేదు. నా అంతట నేనే ఇచ్చాను.

సమావేశ మందిరంలో పొడవాటి బల్ల చుట్టూ ఓటున్న సభ్యులం పదకొండు మందిమి. ప్రతిపాదన చదివి, అందరికీ సమ్మతమేనా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. వారితో కలిపి ముగ్గురు అవునన్నారు. నేను లేవాలి. నా చరిత్ర శాఖలో ఆనాటికి విద్యార్థులు పందొమ్మిది మంది. ఇవాళ నోరెత్తితే రేపు వంతు మాదేనేమోనని లేవలేదు. కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. ఎవరి కారణాలు వారికుండి ఉంటాయి, మిగిలిన ఏడుగురూ అంతే. ప్రిన్సిపాల్ గారు కాసేపు చూసి, ఏకగ్రీవమని రాసుకోమన్నారు.

‘గ్రీవమంటే మెడ కదా సార్,’ అన్నారు ఆవిడ, గొంతు పెంచకుండానే. ‘ఎనిమిది మెడలు వంగి ఉన్నాయి. వంగిన మెడ ఒప్పుకున్నట్టని ఎలా రాయను?’

రద్దవుతున్నది తమ శాఖే. అయినా ఆ విషయం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడే హక్కు కార్యదర్శికి లేదు కనుక మాట్లాడలేదు. ‘ముగ్గురు అవుననిరి. ఎనిమిది మంది ఏమియు అనలేదు. ప్రతిపాదన ఆమోదించబడినదని అధ్యక్షులు ప్రకటించిరి’ అని రాసి, ఇసుమంతైనా కొట్టివేత లేని ఆ పుట మీద సంతకాలకు ఒక్కొక్కరి గదికీ వచ్చారు. నా దగ్గర పుస్తకం తెరిచిపెట్టి, ‘చూసుకోండి మాస్టారూ, మీరన్నదాంట్లో ఒక్క మాట కూడా వదిలెయ్యలేదు’ అన్నారు. ఎత్తిపొడుపో, ఎప్పటి హాస్యమో నేటికీ తేల్చుకోలేకపోతున్నాను. సంతకం చేశాను. సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే అతిశయోక్తి అవుతుంది. సాయంత్రం యథాప్రకారం ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. అది తలుచుకుంటేనే ఎక్కువ బాధ.

చివరి జట్టులో నలుగురున్నారు. ముగ్గురు వేరే శాఖలకు మారిపోగా ఒకే ఒక్క అమ్మాయి మిగిలింది. ఆ ఒక్క పిల్ల కోసం మేడమ్ గారు రెండేళ్లపాటు, గంట కొట్టగానే హాజరు పట్టీ పట్టుకుని పద్నాలుగో నంబరు గదికి వెళ్లేవారు. ఒకరోజు ఆ అమ్మాయికి జ్వరమని తెలిసి కూడా, గంటసేపూ ఖాళీ బెంచీల ఎదుట కూర్చున్నారు. ఎందుకండీ అని అడిగాను. వారి ప్రశ్నే వారిని అడిగాను. ‘క్లాసుంది కదా మాస్టారూ. నేనూ రాకపోతే ఇద్దరం రానట్టవుతుంది’ అన్నారు. గడియ లేని తలుపు తీసే ఉంది. నేను మెట్లు దిగివచ్చాను.

రెండు వేల పదహారులో మూడో తనిఖీ బృందం వచ్చింది. బృందానికి పెద్దగా వచ్చిన పెద్దావిడ పరిపాలన దస్త్రాలు తిరగేస్తూ, మూడేళ్ల కిందటి ఆ మినిట్స్ పుట దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. ‘దాచుకోవలసిన సంగతిని దాచకుండా రాసిపెట్టిన సంస్థ ఇది’ అని తమ నివేదికలో పేర్కొని, పాలన అనే అధ్యాయంలో మాకు అత్యధికంగా మార్కులు వేశారు. గ్రేడు పెరిగింది. గేటు మీద కొత్త బోర్డు పెట్టుకున్నాం, దాని కింద నిలబడి ఫోటో దిగాం. ఆ ఫోటో ఈ సంచికలోనే ఉంది, చివర నిలబడి ఉన్నది మేడమ్ గారు. ఏ శాఖను మూసి గ్రేడు పెంచుకోవాలనుకున్నామో, ఆ మూసివేతను నిజాయితీగా రాసినందుకు మా గ్రేడు పెరిగింది. శాఖ మాత్రం తిరిగి తెరుచుకోలేదు. ప్రిన్సిపాల్ గారు చదువుతారని తెలిసే ఈ మాట రాస్తున్నాను. ఆ పాపంలో వారికెంత భాగముందో నాకూ అంతే ఉంది.

గత నెల విద్యామండలి సమావేశంలో, ఈ నెలాఖరు నుంచి తత్వశాస్త్ర శాఖ పేరును జాబితాలోంచి తొలగించే లాంఛనం మిగిలింది. కార్యదర్శి కుర్చీలో మేడమ్ గారికి అదే ఆఖరి సమావేశం. అందరికీ సమ్మతమేనా అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి లేచాను. ‘నాకు సమ్మతం కాదండీ’ అన్నాను. ఆరేళ్లు ఆలస్యంగా, ఎవరికీ పనికిరాకుండా అన్నాను. పదిమంది అవునన్నారు, శాఖ పోయింది. ఆవిడ తలెత్తలేదు. కలం మాత్రం కాస్సేపు ఆగింది. పిమ్మట ఎప్పటిలాగే రాసినది చదివి వినిపించారు: ‘పదిమంది అవుననిరి. ఒకరు కాదనిరి.’ ఆ రెండో వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టారు. ఇరవై నాలుగేళ్లలో వారు చదువుతూ తడబడడం నేను వినడం అదే మొదలు.

సభ ముగిశాక పుస్తకం నా ముందుకు జరిపి, ‘ఇవాళ మీరన్నది చాలా తేలిగ్గా రాశాను మాస్టారూ’ అన్నారు. క్షమించమని అడుగుదామనుకున్నాను. సంతకం పెట్టే మిషతో తలవంచుకోవడమే కుదిరింది.

ఇక వీడ్కోలు. అధ్యాపక, అధ్యాపకేతర సిబ్బంది అందరూ ఏకగ్రీవంగా శుభాకాంక్షలు తెలుపుతున్నట్టు రాసి ముగించమని సంచిక సంపాదకులు నాకు చీటీ పంపారు. ఈ వ్యాసం ఎవరి గురించో తెలిసీ ఆ మాట ఎలా రాసేది? అందుకని నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక కాగితం పట్టుకుని గది గదికీ తిరిగాను. కార్యాలయం, గ్రంథాలయం, ప్రయోగశాల, గేటు, ఏదీ వదల్లేదు. వారికి ఆరోగ్యం, దీర్ఘాయువు, మనశ్శాంతి కలగాలని కోరుకుంటున్నారా, నోటితో చెప్పండి అని ఒక్కొక్కరినీ అడిగాను. ‘దానికి కూడా అడగాలా సార్?’ అని వాచ్‌మన్ విస్తుపోయాడు. అడగాలన్నాను. ‘అయితే అవును సార్, అవును’ అని రెండుసార్లు చెప్పాడు, ఒకసారే రాసుకున్నాను. ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి నిలబడి అవునన్నారు. చివరిగా నేనొక్కణ్ణే మేడ మీదికెళ్లి, పద్నాలుగో నంబరు గదిలో నిలబడి, నా మాట పైకే చెప్పుకున్నాను.

అరవై ఒక్క మందిమి, మేడమ్ గారూ. ఎవరి మెడా వంగి లేదు. మీరు శ్రీవారితో, పిల్లలతో, మీకెంతో ఇష్టమైన ఆ ‘ఎందుకు’తో నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మేమందరం కోరుకుంటున్నాం. పుస్తకంలో మూడోసారి రాసుకోవచ్చు: ఏకగ్రీవంగా.