పుకారును వెనక్కి నడిపించిన టీచరుగారు

దాదాపు మూడు దశాబ్దాల క్రితం, జూన్ పన్నెండవ తేదీన, బడి తెరిచిన తొలి ఉదయమే మా ప్రాథమిక పాఠశాలలో బాధ్యతలు స్వీకరించిన మన టీచరుగారు, మూడవ తరగతి గదిలో అడుగుపెట్టి, నేటి పదవీ విరమణ వరకు ఆ గదిని వీడలేదు. పదోన్నతి రెండుసార్లు తలుపు తట్టినా, "నాకీ గోలే బాగుంది" అని సవినయంగా సాగనంపిన ధీరురాలు వారు.

పిల్లలకు ఎక్కాలు రావడానికి ఏడాది పడుతుంది గానీ, పుకారు పాకడానికి ఒక్క ఇంటర్వెల్ చాలునని వారు తొలినాళ్లలోనే గ్రహించారు. ఎవరినీ వెక్కిరించకూడదని గోడమీద రాయించి ఊరుకోకుండా, "నీకెవరు చెప్పారు? పద, వాళ్లనే అడుగుదాం" అంటూ, మాట మోసినవారందరినీ వరుసకట్టించి, అది పుట్టిన చోటికి నడిపించే పద్ధతిని ప్రవేశపెట్టారు. పిల్లలు వారికి "వరుస టీచర్" అని పేరు పెట్టుకున్నారు, ముందుగా అనుమతి అడిగి మరీ.

ఒక సంవత్సరం కొత్తగా చేరిన పాపను ముట్టుకుంటే పళ్లు ఊడిపోతాయన్న పుకారు గుప్పుమంది. పాలపళ్లు ఊడే వయసు కావడంతో సాక్ష్యాలకు కొదవ లేకపోయింది. తోటివారు "పళ్లరాక్షసి" అని పిలుస్తుంటే, ఆ చిన్నారి బెంచీ చివర ఒంటరిగా కూర్చుని, టిఫిన్ డబ్బా మూత తీయడమే మానేసింది. తల్లి వచ్చి, "మా పిల్ల ఇక బడికి రానంటోందండీ, టీసీ ఇచ్చేయండి" అని కన్నీళ్లు పెట్టుకున్నారు.

"సాయంత్రం దాకా ఆగమ్మా" అని చెప్పి టీచరుగారు వరుసను కదిలించారు. అది నాలుగవ తరగతి మీదుగా, నీళ్ల కుళాయి దాటి, అటెండరును కలుపుకొని, చిట్టచివరకు ప్రధానోపాధ్యాయుల గది ముందు ఆగింది. ఆయన అటెండరుతో అన్నదల్లా, "ఆ పాపకు జలుబు చేసినట్టుంది, కాస్త కిటికీ దగ్గర కూర్చోబెట్టు" అని మాత్రమే; నోళ్లు మారేసరికి అంటుకునే జలుబు కాస్తా పళ్లు ఊడేదాకా వచ్చింది! ఎంతో నొచ్చుకున్న ఆ పెద్దమనిషి, పాప చేతిని తమ రెండు చేతులతో పట్టుకొని, అందరి ఎదుట నోరు బార్లా తెరిచి, "చూడండి పిల్లలూ, ఒక్కటైనా ఊడిందా?" అన్నారు. పాప పకపకా నవ్వింది. వరుస వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, అసలు మాటను అందరికీ చెప్పివచ్చింది. టీసీ ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఆయనవి కట్టుడుపళ్లన్న సంగతి మాత్రం స్టాఫ్ రూము గడప దాటలేదు. టీచరుగారు మాకిచ్చిన శిక్షణ అటువంటిది. నేడు ఆ ప్రధానోపాధ్యాయుల అనుమతితోనే రాస్తున్నాను.

అనంతర కాలంలో ఈ పద్ధతి తరగతులన్నింటికీ వ్యాపించింది. ఇంట్లోనూ ఇదే చట్టమని, అత్తగారి ముందు "ఎవరో అన్నారు" అంటే చెల్లదని వారి కోడలు నవ్వుతూ చెబుతారు.

గతవారం ఎవరూ పిలవకుండానే ఒక వరుస బయలుదేరింది. గది గదీ తిరిగి, ఆయమ్మను అడిగి, టీచరుగారి బల్ల ముందుకే వచ్చి నిలిచింది. "టీచర్, మీరు వెళ్లిపోతున్నారంట. ఆయమ్మకు మీరే చెప్పారంట. నిజమేనా?" అని ముందున్న పాప అడిగింది. "చెప్పింది నేనే తల్లీ, నిజమే" అంటూ మా టీచరుగారు కళ్లు తుడుచుకోవడం అందరమూ చూశాము.

అమ్మా, మీరు లేని ఆ గది మాకు వెలితిగానే ఉంటుంది. సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల అల్లరి నడుమ మీరు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. మీరు హాయిగా ఉన్నారని ఎవరు చెప్పినా మేము ఊరికే నమ్మేది లేదు. వరుసకట్టి మీ గుమ్మం దాకా వస్తాము, ఆ మాట మీ నోటనే విని వెళ్తాము.