తిల్దా పాసింజరులో గురునాథం కవిత్వం

రాయపూర్ రైల్వే క్వార్టర్ల వెనక అప్పలనరసమ్మ టీకొట్టు దగ్గర గురునాథం నోరు విప్పాడంటే, వినేవాళ్ల చేతిలో టీ చల్లారిపోవలసిందే. ఉర్లాలో ఇనుప షెడ్లు కట్టే కంపెనీలో ఫిట్టరు. పగలంతా మోతలో పని గనక గట్టిగా మాట్లాడడం అలవాటు. పైగా కవిత్వం పిచ్చి. వారమంతా అణిచిపెట్టుకున్న మాటలు ఆదివారం పొద్దున్నే బయటికొస్తాయి.

రెండువేల సంవత్సరం, వానాకాలం. ఛత్తీస్‌గఢ్ అని కొత్త రాష్ట్రం వస్తోందని ఊరంతా ఒకటే మాట. ఆ ఆదివారం, రైల్వే గూడ్సాఫీసులో పనిచేసే పరదేశి బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"అభన్‌పూర్‌లో స్థలం అమ్మేస్తాను గురునాథం. రాష్ట్రం మారాక మనల్ని బయటివాళ్లంటారు. విశాఖపట్నం వైపు బదిలీ అడుగుతాను."

ఇద్దరిదీ పెళ్లిళ్లు కాకముందు ఒకే గదిలో వండుకు తిన్న స్నేహం. వెళ్లొద్దని చెప్పడానికి గురునాథానికి గట్టి కారణమేదీ తోచలేదు. తోచనప్పుడు అతను చేసే పని ఒకటే.

"ఒరే పరదేశీ, మొన్న తిల్దా వెళ్లానా? రైస్‌మిల్లులో షెడ్డు పని చూసుకుని పాసింజరెక్కాను. నా పక్క సీటులో ఒక మీసాల ఆసామి, 'బయటివాళ్లంతా సామాన్లు సర్దుకోవలసిందే' అని ఒకటే అరుపు. ఎదుటి పెద్దమనిషి కాదన్నాడు. మాటామాటా పెరిగింది. నేనేం చేశానో తెలుసా? లేచి నించుని కవిత్వం చదివాను. సొంతది. అంతే! రైలుడబ్బా అంతా నిశ్శబ్దం."

"ఏ భాషలో మావా?" అన్నాడు దానయ్య బీడీ ముట్టిస్తూ. దానయ్య పట్టాల మీద గ్యాంగ్‌మన్. దేన్నైనా తట్టిచూస్తేగాని నమ్మడు.

"తెలుగులోనే! అర్థం కాలేదు గనకే అంత శ్రద్ధగా విన్నారు."

పరదేశి పెదవి కొంచెం కదిలింది. గురునాథానికి అది చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ఆగిపోయింది. ఇంజను డ్రైవరు దిగొచ్చి, 'భాయ్‌సాబ్, చక్రాల మోతలో రెండో పాదం వినపడలేదు, మళ్లీ చదవండి' అన్నాడు. చదివాను. ఎదురొస్తున్న గూడ్సుబండి కూడా ఆగింది. పొలంలో నాట్లేస్తున్నవాళ్లు గట్టెక్కారు, గేదెలు నెమరు ఆపేశాయి. గేదె నెమరు ఆపడం నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు," అన్నాడు పరదేశి.

"అదీ! ఇంతలో వాన. నేనింకా మూడో చరణంలో ఉన్నాను కదా, కాస్త ఆగమని ఇలా చెయ్యెత్తాను. ఆగింది. వాన వెలియడం కాదురా, చినుకులు ఎక్కడివక్కడ గాల్లో వేలాడుతున్నాయి! జనం గొడుగులు ముడుచుకుని వాటి మధ్యనుంచి తప్పుకుంటూ నడుస్తున్నారు. చివరి పాదానికి ఇంజను కన్నీళ్లు పెట్టుకుంది."

"అది కరెంటింజను గదా, కన్నీళ్లెక్కడివి?" అన్నాడు దానయ్య.

"అందుకేగా తుడవబోయిన డ్రైవరుకి షాకు కొట్టింది! ఆ మీసాల ఆసామి నా కాళ్లు పట్టుకుని, 'మీరెళ్లిపోతే మాకు కొత్త రాష్ట్రమే వద్దు' అన్నాడు. ఢిల్లీకి టెలిగ్రాం కొట్టబోతుంటే నేనే ఆపాను."

పరదేశి పకపకా నవ్వాడు. నవ్వి, మళ్లీ మొహం దించుకున్నాడు. "బాగుంది. అసలు ఆ గొడవ ఎలా ముగిసింది?"

గురునాథం తడుముకున్నాడు. నిజానికి అది అతనికీ తెలియదు.

"నాను సెప్తాను," అంది అప్పలనరసమ్మ గ్లాసులు కడుగుతూ. "తిల్దాలో మా అక్క ఇంటికెల్లి అదే డబ్బాలో వస్తన్నాను. నువ్వు కవిత్వమేటీ సదవలేదు అన్నియ్యా. అరుపులు మొదలైన కాసేపటికే నిద్దరోయావు."

దానయ్య పొగ మింగి దగ్గాడు. గురునాథానికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ మీసాలోడు ఎదురు సీటాయన్ని కొట్టడానికి లెగబోయాడు. సరిగ్గా అప్పుడే నీ తల ఒరిగి ఆడి బుజమ్మీద పడింది. ఒకటే గురక. లెగిస్తే నువ్వు పడిపోతావని ఆడు మల్లీ కూలబడ్డాడు. అరిస్తే నీకు మెలకువొస్తాదని గొంతు తగ్గించాడు. మెల్లిగా దెబ్బలాడ్డం ఎవడికి సేతనవుద్ది? కాసేపటికి ఇద్దరూ వరినాట్ల మాటల్లో పడ్డారు. నీ సొంగతో ఆడి సొక్కా తడిసింది. అయినా రాయపూరొచ్చేదాకా బుజం కదపలేదు."

గురునాథం గ్లాసు పక్కన పెట్టాడు. స్టేషన్లో ఎవరో తట్టి లేపడం మాత్రం లీలగా గుర్తుంది.

"లేపింది అతనేనా?" అన్నాడు, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

"ఆడే. 'కకా, టేసన్ ఆ గే' అని, టేసనొచ్చేసిందని తట్టాడు. నీ సంచీ కూడా ఆడే అందించాడు."

"కకా అన్నాడా?" అన్నాడు పరదేశి. ఛత్తీస్‌గఢీవాళ్లు సొంత చిన్నాన్నను పిలిచే పిలుపది.

"మరి? నా సెవులారా ఇన్నాను."

పరదేశి లేచి, దులుపుకోవడానికి ఏమీ లేకపోయినా పంట్లాం దులుపుకున్నాడు.

"వచ్చే ఆదివారం అభన్‌పూర్ వెళ్లి ఆ స్థలానికి కంచె వేసొద్దాం. వస్తావా?"

"ఎందుకు రాను!"

"బస్సులో కవిత్వం చదువుతావా, నిద్రపోతావా మావా?" అన్నాడు దానయ్య.

"నిద్రేరా," అన్నాడు గురునాథం. "కిటికీ పక్కన వద్దు. రెండువైపులా మనుషులుండే సీటు చూడండి."