ముందు చెయ్యి, తర్వాతే చుక్కలు

సూది గుచ్చే పరీక్షలో ఆ కొత్త నర్సు నిన్ననే నెగ్గింది. ఈ ఒక్క పరీక్షా గట్టెక్కితే రోగులకి సెలైన్ సొంతంగా పెట్టొచ్చు. తప్పితే ఇంకో మూడు నెలలు పక్కన ఎవరో ఒకరు నిలబడాల్సిందే. మంచం మీద పెద్దావిడ నిద్రపోతోంది, చేతికి సెలైన్ ఎక్కుతోంది. పరీక్షించే మేడమ్ కాగితం మీద పెన్ను ఆనించింది.

“లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. నిమిషానికెన్ని?”

“నలభై రెండు, మేడమ్.”

“నోటిలెక్క బానే ఉంది. చుక్కల వేగం సరిచెయ్యి మరి.”

నర్సు చుక్కల వైపు చూడలేదు. దుప్పటి తొలగించి, పెద్దావిడ రెండు చేతులూ తడిమి చూసి, సెలైన్ ఆపేసింది.

“ఆపమన్నానా నేను?”

“లేదండీ. సూది ఉన్న చెయ్యి ఉబ్బింది, చల్లగా కూడా ఉంది. సెలైన్ నరంలోకి పోవట్లేదు, చర్మం కింద చేరుతోంది.”

“నేనడిగింది చుక్కలు కదా?”

“మా నాన్నది కిరాణా కొట్టు మేడమ్. ఖాళీ తక్కెడ సమంగా ఉందో లేదో చూడకుండా ఏదీ తూచేవాడు కాదు.”

“అబ్బో! ఆ సూది ఎవరు పెట్టారో తెలుసా?”

“తెలీదండీ. ఎవరు పెట్టినా తీసెయ్యాల్సిందే.”

“పొద్దున నేనే పెట్టాను.”

నర్సు దూది చేతిలోకి తీసుకుంది.

“అయితే మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?”

మేడమ్ వంగి ఆ చెయ్యి తాకి చూసింది. కాగితం మీద చుక్కల గడి ఖాళీగానే వదిలేసి, అడుగున సంతకం పెట్టింది.

“నువ్వే తియ్యి. రెండో చేతికి కొత్తది పెట్టు. నేను పక్కన నిలబడను, టీ తాగొస్తా.”