గృహప్రవేశం పర్సులు

కిటికీ ముయ్యకు అన్నా. దోమలొస్తే రానీ. ఆ వాసన ఇంక పోలే. నీకు తెలుస్తలేదా? నాకైతే అన్నంల గూడ అదే వస్తుంది.

కూసో. ఆ కుర్చీ మీది అట్టలు జర పక్కకు జరిపి కూసో. మిఠాయి డబ్బ తర్వాత చూద్దాం. నిన్న గృహప్రవేశం మంచిగైందని పెద్దమ్మ బిడ్డ పద్మ ఫోన్ చేసి చెప్పింది. పర్సులు గూడ అందరికీ నచ్చినయంట. సంతోషం.

ఏందీ? నేమ్‌బోర్డా? బాలకిషన్, సంయుక్త అని కొత్త తలుపుకు? టేకు చెక్క గూడ చేతుల పట్టుకోనే వచ్చినవా. మంచిది. టేకు మంచిగ తెగుతది, దానికేం పరేషాన్ లేదు. గాని కోసేదేది? పో, ఆ మూల లేజర్ మిషన్ ఉంది, మూత లేపి చూడు.

చూసినవా? పట్టాలు రెండూ తుప్పు బట్టినయ్. పోయిన వారం తళతళ మెరుస్తుండె. లెన్సు మసకైంది. పొద్దుగాల కాయితం పెట్టి చూసిన అన్నా, కాయితం గూడ తెగలే.

ఎట్లయిందని నన్నడుగుతున్నవా. జర యాది చేస్కో.

నేను పని చేసే స్కూల్ మూతబడ్డంక కొనుక్కున్న గద దీన్ని. అశోక్‌నగర్ హాస్టళ్లకు తాళంచెవుల బిళ్లలు, గదుల నంబర్లు, నారాయణగూడ డాక్టర్లకు బోర్డులు. చిక్కడపల్లిల ఈ రెండు గదుల కిరాయి దీంతోనే ఎల్తుండె. ఎన్నడన్న నీ దగ్గర చెయ్యి చాపిన్నా?

కొత్త మాల్ ఏదొచ్చినా ముందు ఓ చిన్న ముక్క కోసి చూస్తా. గోడకు వేలాడే ముక్కలు ఏంటివనుకుంటున్నవ్ మరి? ఎంత స్పీడుకు తెగుతది, ఎంత వేడికి మాడుతది, అన్నీ వాటి మీదనే రాసి ఉన్నయ్. ఏందే, వంకాయలు ఏరినట్టు ఏరుతున్నవ్ అని నవ్వేటోడివి నువ్వు. ప్లాస్టిక్ అయితే ఇంకో పరీక్ష గూడ ఉంటది. స్టవ్ మీద రాగి తీగ ఎర్రగ కాల్చి, మాల్‌కు తాకిచ్చి, మల్ల మంటల పెట్టాలె. మంట ఆకుపచ్చగైతే అండ్ల క్లోరిన్ ఉన్నట్టు. దాని మీద లేజర్ పడ్డదంటే విషం పొగ లేస్తది. ఇనుమును తింటది, మనిషిని తింటది.

ఇదంతా నీకు చెప్పలేదా నేను? ఫోన్ల చెప్పలేదా?

తాంబూలంల పెట్టనీకి పర్సులు, పర్సు మీద పూల డిజైన్ తెగి ఉండాలె అన్నది వదిన. తోలు తెమ్మన్న. తోలు మిషన్ల సక్కగ తెగుతది, పొగ వాసనొస్తది గాని ప్రమాదం లేదు. పసుపు కుంకుమ పక్కన తోలు పెడ్తరా ఎవరన్న అన్నది. సరే, బట్ట అన్న. బట్ట చీప్‌గ ఉంటదన్నది. చూడనీకి తోలు లెక్కనే ఉండాలె, తోలు మాత్రం గావొద్దు. ఇగ రెగ్జిన్ తెచ్చినవ్ నువ్వు, బట్టకు ప్లాస్టిక్ పూసిన షీటు. దేవుని దగ్గర పెట్టి, మూలకు బొట్టు బెట్టి మరీ తెచ్చినవ్.

బొట్టు లేని మూల చూసి ఓ ముక్క కత్తిరించిన. తీగ కాల్చి తాకిచ్చిన. ఆకు పచ్చగ లేసింది మంట. అప్పుడే గద నీకు ఫోన్ చేసిన. ఏమన్నవ్ నువ్వు? పచ్చగొస్తే శుభమే గదనే నళినీ, పచ్చ తోరణం కట్టినట్టు, అన్నవ్. నవ్వినవ్ గూడ.

నేను కోయనన్న. నీ పక్కకెల్లి వదిన అన్నది. నాకు వినబడేటట్టే అన్నది. మన ఇల్లు చూస్తే నీ చెల్లెకు కడుపు మంట, గందుకే ఏదో ఒక వంక పెడ్తుంది అని.

నా చెల్లె గట్లాంటిది గాదు అని ఒక్క మాట నీ నోట్ల నుంచి వస్తదేమో అని ఫోన్ చెవికి పెట్టుకోనే ఉన్న అన్నా. నువ్వు పెట్టేసినవ్.

తెల్లారి తలుపులు, కిటికీలు అన్నీ తీసి, ముక్కుకు తడి తువ్వాల కట్టుకొని కోసుడు షురూ చేసిన. ఒక్క పర్సు తక్కువ గాకుంట కోసిన. మీది నుంచి ఇంటి ఓనర్ వీరరాఘవరావు గారు ఉరికొచ్చిన్రు. ఏంటమ్మా ఇది, కళ్లు మండిపోతున్నాయి, ఏం కాలుస్తున్నావు అని. మా అన్న ఇంట్ల శుభకార్యం పని అన్న. నా మాట పూర్తిగ రాలే, దగ్గు. ఆయనే ఆటోల ఎక్కిచ్చి నల్లకుంట దవాఖానకు తోల్కపోయిన్రు. మాస్కు పెట్టి మందు పీల్పిచ్చిన్రు. ఈ గొంతు మల్ల ఎప్పటి లెక్క అయితదో లేదో వాళ్లే చెప్తలేరు.

నిన్న గందుకే రాలే. హోమం కాడ కూసొని దగ్గుకుంట ఉంటే బాగుంటదా? నేను రాకపోతే వదిన ఏమన్నదో అది గూడ చెప్పింది పద్మ. కడుపు మంట గాక ఇంకేంది అన్నదంట.

విషమని తెలిసి ఎందుకు కోసినవ్ అంటున్నవా. విను మరి. వచ్చినోనివి విని పో.

వదిన అన్నది అబద్ధమైతే నవ్వి ఊకుందును. నీ రెగ్జిన్ నీకు వాపస్ ఇద్దును. అబద్ధం గాదన్నా అది. నువ్వు గాంధీనగర్‌ల ఫ్లాట్ చూపియ్యనీకి తీస్కపోయినవ్ చూడు, ఆ బాల్కనీల నిలబడ్డప్పుడు నాకు మండింది. మస్తు మండింది. వదిన వంటింట్ల అల్మారాలు ఒక్కొక్కటే తెరిచి చూపిస్తుంటే, ఇదంతా పాడుగావాలె అనుకున్న. నా సొంత అన్న ఇల్లు. మనసుల అనుకున్న.

గా షీటు విషమన్నదీ నిజమే, నాకు కడుపు మంట ఉన్నదీ నిజమే. మల్ల విషమని వాదిస్తే రెండోది బయటపడ్తదని భయమైంది. గంతే. నోరు మూస్కొని కోసిన.

ఇగ లే. టేకు చెక్క తీస్కపో, నారాయణగూడల ఎవరన్న కోసిస్తరు. మిఠాయి ఆడ పెట్టు, గొంతు దిగితే తింట. పోయేటప్పుడు తలుపు దగ్గరికెయ్యకు, జర గాలి రానీ.