లైటు తీయమన్న చలపతిరావు

నీ ఛాతీ మీది కుట్ల గీత గురించేనా వర్ణికా? గది చెప్పాలంటే ముందుగాల మేకప్ చలపతిరావు ముచ్చట చెప్పాలె. పోయి పదేండ్లైంది. కోస్తా మనిషి, మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. హీరోయిన్‌కు జ్వరమొస్తే ఆమెకన్న ముందు ఆయనకే తెలుస్తుండె, చెంపలు చూసి. ఎట్ల తెలుస్తుండెనో నాకు ఇప్పటికీ అంతుపట్టది. సరే, నువ్వు పుట్టి ఇరవై దినాలు. ఫిల్మ్‌నగర్‌ల పురుడు సీను తీస్తున్నరు, పసిబిడ్డ కావాలన్నరు. నేను లైట్‌మన్‌ను కద, నా మనుమరాలు తెర మీద కనపడాలని మీ అమ్మను, నిన్ను తోలుకపోయిన. అప్పుడే పుట్టినట్టు కనపడనీకి ఒంటికి తేనె, జామ్ రాస్తరు. నవ్వకు, గట్లనే చేస్తరు. చలపతిరావు రాసుకుంట రాసుకుంట ఆగిండు. దూదితోని నీ పెదాలు తుడిచిండు. మళ్ల తుడిచిండు. "రామలింగం, పాప పెదాలకి ఎవరైనా రంగేశారా?" నేను నవ్విన. "అది నా లైటు సార్! వెన్నెల కోసం నీలం కాగితం కట్టిన." "లైటు తియ్యి." "తీస్తే మళ్ల పెట్టనీకి అర్ధగంట, డైరెక్టర్ సాబ్ నన్ను తంతడు." అవతల ఆయన ఒర్రుతనే ఉన్నడు, "ఏమయ్యా చలపతీ, పిల్లకి పెళ్లి అలంకారమా?" అని. చలపతిరావు ఇనలే. నిన్ను తువ్వాలల చుట్టుకొని సక్కగ ఎండలకు నడిచిండు. ఎండల సుత గదే నీలం. గోర్లు సుత. బయట కూసున్న మీ అమ్మను అడిగిండు, "పాలు బాగా తాగుతోందా అమ్మా?" "నాలుగు గుక్కలకే ఆగి రొప్పుతది సార్, చెమటలు పడతయి. దిష్టి అంటున్నరు అందరు." "దిష్టి కాదమ్మా, కారెక్కండి." మేకప్ డబ్బా ఆడనే ఇడిచిపెట్టి ఆయన సుత ఎక్కిండు.

దవాఖానల డాక్టరమ్మ బొమ్మ గీసి చూపెట్టింది. ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చే నాలుగు సిరలు గుండెకు ఎడమ దిక్కు కలవాలె. నీకేమో కుడి దిక్కు పోయి చెడ్డ రక్తంల కలిసినయి. వేలల్ల ఒక్కరికి గిట్లయితదట. వైర్లు తప్పు బోర్డుకు కట్టినట్టు, నాకు జల్ది సమజైంది. "ఇంకా ఆలస్యమైతే పాప దక్కకపోయేది" అన్నది. మర్నాడే కోసి, సిరలను ఎడమ దిక్కు కుట్టిండ్రు. మీ అమ్మ ఏడ్చుకుంట చలపతిరావు కాళ్ల మీద పడబోయింది. "ఎట్ల పసిగట్టిండ్రు సార్?" ఆయన నా దిక్కు చూసిండు. "నేనేం పసిగట్టానమ్మా, మీ నాన్నే లైటు తీసి చూసి చెప్పాడు." ఎందుకన్నడో! నా మొఖంల ఏం కనపడ్డదో! నేను నోరు మూసుకున్న. ఇప్పటికీ చుట్టాలొస్తే చాలు, "మా నాన్న కన్ను లేకుంటే నా బిడ్డ లేదు" అంటది మీ అమ్మ. ఆయన పోయిన దినం సుత ఆమెకు నిజం చెప్పాలనే అనుకున్న. అగో, గేటు చప్పుడైంది, మీ అమ్మే. నువ్వు చెప్పకు బిడ్డా, నేనే... ఏం కౌసల్యా, షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ మస్తుందా?