ఆరంకెలు

హలో… ఆ, అన్నయ్యనే. రెండేళ్లకి గుర్తొచ్చానన్నమాట. చెప్పు చెల్లీ…

అమ్మకా? ఎప్పట్నించి?… పొద్దున ఆయాసం, ఇప్పుడు పెదాలు నీలంగా అవుతున్నాయా. మరి హాస్పిటల్‌కి తీసుకెళ్లకుండా నాకు ఫోనెందుకు—

ఓ. ముందు వీడియోలో డాక్టరు చూడాలి, ఆయన రాస్తేనే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటారు. తెలుసమ్మా, పాలసీ నా ఆఫీసుదేగా. ఓటీపీ నా ఫోనుకే వస్తుంది… ఆ, వచ్చింది. ఆరంకెలు. ఎదురుగానే ఉన్నాయి.

చెప్తాలే. పది నిమిషాలు పనిచేస్తుందని రాశారు…

డిపాజిట్ కట్టందే చేర్చుకోమన్నారా? నిజమే, నీ కుట్టుమిషను సంపాదనకి ఐసీయూ తలుపు కూడా తెరుచుకోదు.

ఒక చిన్న మాట చెల్లీ. నా తోడబుట్టినదానివై ఉండి, కోర్టులో మీ వదిన పక్షాన నిలబడ్డావు. నేను దాని చెయ్యి విరగ్గొడుతుంటే కళ్లారా చూశానన్నావు—

అరవకు, అమ్మ వింటుంది. నాకేం కోపం లేదు. రికార్డింగ్ నొక్కాను. 'నేనేమీ చూళ్లేదు, వదిన చెప్పమంటే చెప్పాను' అను. చాలు.

…

ఏడుపు ఆపి చెప్పు. మాట స్పష్టంగా పడాలి…

'మా అన్నయ్య బంగారం' అనక్కర్లేదు. అంత అతి చేస్తే జడ్జి నమ్మడు. మళ్లీ మొదట్నించి…

బాగుంది. రాసుకో. నాలుగు, సున్నా, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఆరు…

టైమైపోయిందంటోందా? అయ్యో. ఏడ్చి ఏడ్చి నువ్వే ఆలస్యం చేశావు. మళ్లీ పంపమను… ఆ, వచ్చింది. కొత్తది.

ఏంటా గురగుర… అమ్మ ఊపిరేనా? ఫోను దగ్గర పెట్టు. అమ్మా, నేనే, పెద్దోణ్ణి. భయపడకు, నీ కూతురు చూసుకుంటుంది… మాట రావట్లేదా. సరే, నువ్వే తీసుకో.

చెప్తున్నాగా. ఇంకొక్కటే. మీ వదిన ఇప్పుడు ఎక్కడుంటోంది?

తెలీదనకు. పాప స్కూలు గౌను నువ్వే కుట్టి పట్టుకెళ్లావట…

ఏం చేస్తాను, మాట్లాడతాను. నా పెళ్లాం, నా పిల్ల…

ఆరు నిమిషాలున్నాయి…

నాలుగు.

గురగుర ఆగిందేం?… ఓ, మళ్లీ వచ్చిందా. చూడు మరి, నీ ఇష్టం.

ఏ వీధి?… పాత సినిమా హాలు వెనకాల. ఎన్నో అంతస్తు?… బెల్లు పనిచెయ్యదా. తలుపు తడితే తీస్తుందా?… నువ్వొస్తే మూడుసార్లు తడతావా. మంచిది.

రాసుకో. ఒకటి, ఏడు, ఏడు, మూడు, సున్నా, రెండు… పడిందా? డాక్టరు కనిపిస్తున్నాడా?… చూశావా, ఎంతలో అయిపోయిందో.

అమ్మని అడిగానని చెప్పు. ఉంటాను, బయల్దేరాలి…

లేదు, హాస్పిటల్‌కి కాదు.