ముందు చెయ్యెత్తేదెవరు

సెలూన్ కుర్చీలో గడ్డం నిండా నురగతో కూర్చున్న ఎమ్మెల్యేగారు కళ్ళు తెరిచారు. బార్బర్ కత్తి ఆపి అడుగుతున్నాడు.

"రేపు సభలో గంజాయిని మందుగా వాడనిచ్చే బిల్లుకి ఒప్పుకుంటే తప్పేంటి సార్?"

"తప్పేం లేదయ్యా. కానీ ముందు చెయ్యెత్తినవాణ్ణి గంజాయి నాయకుడంటారు."

"ప్రతిపక్షాయన కూడా నిన్న ఇదే కుర్చీలో ఇదే మాటన్నారు. ఇద్దరూ ఒకేసారి ఎత్తెయ్యండి."

"కుమ్మక్కయ్యామంటారు. పైగా టీవీలో మా అమ్మ చూసిందంటే గడప తొక్కనివ్వదు!"

"అమ్మగారే మిమ్మల్ని కదిపి చూడమన్నారు సార్. మోకాళ్ళ నొప్పులకి ఆ గంజాయి నూనే రాసుకుంటున్నారు. దొంగచాటుగా తెప్పించుకోలేక చస్తున్నారట."

"మా అమ్మా? ఎవరు తెచ్చిస్తున్నారు?"

"తల కదపకండి, తెగుతుంది. ప్రతిపక్షాయన వాళ్ళమ్మగారు. వాళ్ళిద్దరూ ఎప్పుడో కుమ్మక్కయ్యారు."